బార్క్‌లీని ఇచ్చేసిన బావ

డాలస్ పరిసరాల్లో ఉంటున్న ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు, దానితో పాటు ఒక ఎక్సెల్ షీటు కూడా పంపారు. పేరు బయట పెట్టవద్దన్నారు. ఇంట్లో వాళ్లు గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు నేనే మార్చాను.

ఆయన వయసు 44. అమెరికా వెళ్లి పదిహేడేళ్లయింది. భార్య తమ్ముడు 2012 ఆగస్టులో ఎం.ఎస్. చదువుకని వచ్చి, మొదటి సెమిస్టర్ అంతా వీళ్లింట్లోనే ఉన్నాడు. అతనికి డ్రైవింగ్ నేర్పింది ఈయనే. ఆదివారం మధ్యాహ్నాలు పక్కన కూర్చోబెట్టుకుని అమెరికన్ ఫుట్‌బాల్ నేర్పిందీ ఈయనే. తర్వాత అతను ఉద్యోగానికి న్యూజెర్సీ వెళ్లి ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టు అభిమాని అయ్యాడు. ఈయన మొదటి నుంచీ డాలస్ కౌబాయ్స్ అభిమాని. 2016 నుంచి స్నేహితులు, చుట్టాలు కలిసి పదిమంది ఒక ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్ నడుపుతున్నారు. నిజం ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టి, వారానికో ప్రత్యర్థితో పాయింట్లలో పోటీపడే ఆట అది. మనిషికి వంద డాలర్లు. గెలిచినవాడికి 700, రెండో స్థానానికి 300.

2024 సీజన్‌లో ఆరు వారాలు గడిచేసరికి ఈయన నాలుగు గెలిచి రెండు ఓడి మంచి స్థితిలో ఉన్నారు. అక్టోబరు 15న బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నీ బార్క్‌లీని నాకివ్వు, నా మెక్‌కాఫ్రీని తీసుకో, జెర్రీ జూడీని కూడా కలిపి ఇస్తా. మెక్‌కాఫ్రీ తిరిగొచ్చాడంటే నీకు తిరుగుండదు" అన్నాడు. బార్క్‌లీ ఈగల్స్‌లో, మెక్‌కాఫ్రీ శాన్‌ఫ్రాన్సిస్కో జట్టులో రన్నింగ్ బ్యాక్‌లు, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లు. జూడీ క్లీవ్‌లాండ్ జట్టులో క్యాచ్‌లు పట్టేవాడు. మెక్‌కాఫ్రీ గాయం వల్ల ఆ సీజన్‌లో అప్పటికింకా ఆడలేదు. ఈయన ఒప్పుకున్నారు. అక్కడి నుంచి తొమ్మిది వారాల్లో మూడే గెలిచి, అయిదో స్థానంలో ఆగిపోయారు. నాలుగో స్థానం దాకానే ప్లేఆఫ్స్. బావమరిది కప్పు గెలిచాడు.

అతని స్నేహితుడొకడు స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్ట్. "రెండు కాళ్లకూ మడమ నరం (అకిలీస్ టెండన్) వాపు ఉంటే ఆ సీజన్‌లో మనిషి కుదురుకోవడం కష్టం" అని ఆ స్నేహితుడు మెక్‌కాఫ్రీ గురించి సెప్టెంబరులోనే బావమరిదికి చెప్పాడని డిసెంబరులో ఈయనకు తెలిసింది. జనవరిలో వారం వారం లెక్క వేసి ఒక షీటు తయారుచేశారు. బార్క్‌లీ తన దగ్గరే ఉంటే పది గెలుపులు, అయిదు ఓటములు అని తేలింది. ఆ షీటు ఫొటోను కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టి, "నమ్మినవాళ్లని ముంచడం ఎలాగో ఇక్కడ చూసి నేర్చుకోండి" అని రాశారు. అరగంటలో బావమరిది జెల్ అనే డబ్బు పంపే యాప్‌లో 700 డాలర్లు పంపాడు. ఈయన తిప్పి పంపారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు మే నెలలో బావమరిది కొత్త ఇంటి గృహప్రవేశం. ఆడపడుచుగా ఈయన భార్య పాలు పొంగించాలి. "నువ్వెళ్లు, నాకు ఆఫీసులో రిలీజ్ ఉంది" అన్నారట ఈయన. ఆవిడ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "నాది తప్పా? అతనిది మోసమా? లెక్కలు చూసి మీరే చెప్పండి" అని అడిగారు. ఉత్తరం చివర, సంతకానికి పైన, ఇంకో వాక్యం ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

మీరు లెక్కలు చూడమన్నారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. నేను కూడా అమెరికాలో ఉన్న ఆరేళ్లూ ఈ ఆట ఆడాను. మంగళవారం పొద్దున్నే లేచి పాయింట్లు సరిచూసుకోవడం ఏమిటో నాకు తెలుసు. మీ బాధని "ఆటే కదా" అని తీసిపారేయను.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. నిజం మ్యాచుల్లో ఆటగాళ్లు సాధించిన యార్డులు, టచ్‌డౌన్లే (బంతిని ప్రత్యర్థి గీత దాటించడం) ఇక్కడ పాయింట్లవుతాయి. పది యార్డులకు ఒకటి, టచ్‌డౌన్‌కి ఆరు, వీళ్ల లీగ్‌లో పట్టిన ప్రతి క్యాచ్‌కీ ఒకటి. మన దగ్గర డ్రీమ్11లో లక్షమంది ఒకే కోహ్లీని పెట్టుకునేవాళ్లు. ఇక్కడ అలా కుదరదు. లీగ్ మొత్తంలో ఒక ఆటగాడు ఒక్కరి దగ్గరే ఉంటాడు, సీజన్ అంతా ఉంటాడు. అతన్ని ఇంకొకరికి ఇచ్చేస్తే ప్రతి ఆదివారం అతను మీ కళ్ల ముందే వేరేవాళ్ల కోసం పరిగెడతాడు. ఈ ఆటలో ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) అంతగా కాలేది అందుకే.

మీ షీటు చాలా శ్రద్ధగా చేశారు. బార్క్‌లీ వరస చూస్తుంటే నాకూ ఒళ్లు జలదరించింది. మీరు ఇచ్చేసిన తర్వాతి 11 ఆటల్లో 1,523 యార్డులు. నవంబరు 24న రామ్స్ జట్టు మీద ఒక్కడే 255 యార్డులు పరిగెత్తాడు, క్యాచ్‌లతో కలిపితే 302, రెండు టచ్‌డౌన్లు. మీ లీగ్ లెక్కలో క్యాచ్‌ల పాయింట్లు కలపకుండానే 42. సీజన్ మొత్తానికి 2,005. అమెరికన్ ఫుట్‌బాల్ అసలు లీగ్ అయిన ఎన్.ఎఫ్.ఎల్. చరిత్రలో రెండు వేలు దాటినవాళ్లని రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పైగా మీ సెమీఫైనల్ జరగాల్సిన వారం వాషింగ్టన్ మీద 150, రెండు టచ్‌డౌన్లు. ఫైనల్ వారం 167. అదీ మీ కౌబాయ్స్ మీద. ఆ గడికి మీరు ముదురు ఎరుపు రంగు ఎందుకు వేశారో అర్థమైంది.

మరోవైపు మెక్‌కాఫ్రీ. నాలుగే ఆటలు. 202 యార్డుల పరుగు, 15 క్యాచ్‌లకు 146 యార్డులు, ఒక్క టచ్‌డౌనూ లేదు.

ఇంతవరకు మీ షీటు నిజమే చెబుతోంది. కానీ అందులో ఒక పొరపాటుంది. "బార్క్‌లీ ఉండి ఉంటే" అన్న ట్యాబులో బార్క్‌లీని వెనక్కి తెచ్చుకున్నారు, అతనికి బదులుగా వచ్చిన జూడీని మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఇద్దరి పాయింట్లూ మీ ఖాతాలోనే కలిశాయి. పదమూడో వారం చూడండి. డిసెంబరు 2న డెన్వర్‌లో జూడీ 9 క్యాచ్‌లు, 235 యార్డులు, ఒక టచ్‌డౌన్. మీ లెక్కలో 38.5 పాయింట్లు. నిజం సీజన్‌లో మీరు ఆ వారం గెలిచింది అతని వల్లే. జూడీని తీసేసి నేను మళ్లీ వేశాను. పది గెలుపులు ఎనిమిదయ్యాయి. ఎనిమిది గెలుపులతో మీ లీగ్‌లో నాలుగో స్థానం వచ్చేదో లేదో మొత్తం పాయింట్ల మీద ఆధారపడి ఉండేది. వచ్చేదేమో. కప్పు మాత్రం ఖాయం కాదు.

ఇది మిమ్మల్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. కోపంతో లెక్క వేస్తే ఎవరి చేతైనా జరిగేదే ఇది, పోయినది పెద్దగా కనబడుతుంది, వచ్చినది కనబడదు. పదో వారం గడికి మీరు రంగే వేయలేదు. ఆ వారం మెక్‌కాఫ్రీ తిరిగొచ్చి మొత్తం 107 యార్డులు, 6 క్యాచ్‌లు తెచ్చాడు. అదే రోజు బార్క్‌లీ డాలస్ మీద 66 యార్డుల దగ్గర ఆగిపోయాడు. ఆ ఒక్క ఆదివారం ట్రేడ్ మీకే లాభం. ఆ రాత్రి మీరు సంతోషంగా ఉండే ఉంటారు. అతనికి ఏదైనా మెసేజ్ పెట్టారా? పాత మెసేజ్‌లలో ఒకసారి చూడండి.

ఇంకొకటి కూడా నా కళ్లబడింది. రెండో ట్యాబులో సెప్టెంబరు వరసల్లో ఛేస్ బ్రౌన్ పేరుంది. అతన్ని మీరు మూడో వారంలో వదిలేశారు. ఆ ఏడాది అతను 990 యార్డులు పరిగెత్తి, మొత్తం 11 టచ్‌డౌన్లు సాధించాడు. అతన్ని ఎవరూ మీ దగ్గర అడిగి తీసుకోలేదు, మీరే వదిలేశారు. అతను మీ దగ్గరే ఉంటే మెక్‌కాఫ్రీ లేని వారాలు చాలావరకు గట్టెక్కేవి. కానీ ఆ వరసకి రంగు లేదు, "ఉండి ఉంటే" అన్న ట్యాబూ లేదు. కారణం ఏమిటంటే, అక్కడ కోపం తెచ్చుకోవడానికి ఎదుట మనిషి లేడు.

సరే, అక్టోబరు 15కి వెళదాం. ఆ రోజు మీకు ఏమి తెలుసో అంతవరకే చూద్దాం. బార్క్‌లీ అయిదు ఆటల్లో 482 యార్డులు చేశాడు. బాగా ఆడుతున్నాడు. కానీ రెండు రోజుల ముందే క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు మీద 18 సార్లు బంతి తీసుకుని 47 యార్డులే. గీత దగ్గరికి వచ్చాక బంతిని ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి అందించే ఆటగాడు) జేలెన్ హర్ట్స్ తానే తోసుకుని వెళ్లిపోతాడు, 2023లో పరుగు మీద అతనివి 15 టచ్‌డౌన్లు. ముందటి ఏడాది న్యూయార్క్ జెయింట్స్‌లో బార్క్‌లీ వెయ్యి యార్డులు కూడా దాటలేదు, 962. 2020లో మోకాలి లిగమెంటు తెగిన మనిషి. ఇటు మెక్‌కాఫ్రీ 2023లో పరుగులు, క్యాచ్‌లు కలిపి 2,023 యార్డులు, 21 టచ్‌డౌన్లు, ఆ ఏడాది ఎన్.ఎఫ్.ఎల్.లో అత్యుత్తమ అఫెన్సివ్ ప్లేయర్. ఆగస్టులో చాలా లీగ్‌ల డ్రాఫ్టుల్లో, అంటే ఆటగాళ్లను ఎంచుకునే రోజున, మొదటి పేరు అతనిదే. మీరు 4-2తో ఉన్నారు, మూడు నాలుగు వారాలు ఓపిక పట్టగల స్థితి. గెలుస్తున్నవాడు ఇవాళ్టి పాయింట్లు కొన్ని వదులుకుని డిసెంబరు కోసం పెద్ద ఆటగాడిని తెచ్చుకోవడం ఈ ఆటలో అనుభవం ఉన్నవాళ్లు చేసే పనే.

నేనైతే ఆ ట్రేడ్ చేసేవాణ్ణి కాదు. కాలి నరాల జబ్బులంటే నాకు భయం. ఆ భయం నా స్వభావం, అంతే. మీది తెలివితక్కువ నిర్ణయం కాదు, ఓడిపోయిన పందెం.

లెక్కలు చూసి భవిష్యత్తు చెప్పడం ఎంత కష్టమో ఆ ఒక్క ఏడాదే చాలు చెప్పడానికి. రహీమ్ మోస్టర్ట్ 2023లో మొత్తం 21 టచ్‌డౌన్లు చేశాడు, మరుసటి ఏడాది రెండే. డెరిక్ హెన్రీకి ముప్పై ఏళ్లు నిండాయి, ఆ వయసులో రన్నింగ్ బ్యాక్ పని అయిపోయినట్టే అని అందరూ అనుకున్నారు. బాల్టిమోర్ వెళ్లి 1,921 యార్డులు పరిగెత్తాడు. యార్డులు, బంతి ఎన్నిసార్లు చేతికొచ్చింది అన్నవి ఒక ఏడాది నుంచి ఇంకో ఏడాదికి కొంతైనా నిలుస్తాయి. టచ్‌డౌన్లు నిలవవు. ఇక ఎముకలు, నరాల సంగతి ఏ షీటులోనూ పట్టదు.

ఇప్పుడు "మోసం" అన్న మాట. మీ ఉత్తరంలో నిజంగా ఆగి ఆలోచించాల్సింది ఇదే.

మీ బావమరిదికి ఫిజియోథెరపిస్ట్ స్నేహితుడు చెప్పింది ఒక అభిప్రాయం. మెక్‌కాఫ్రీకి రెండు కాళ్లకూ ఇబ్బంది ఉందనీ, వైద్యానికి జర్మనీ వెళ్లాడనీ సెప్టెంబరులోనే వార్తల్లో వచ్చింది. అది మీకూ తెలుసని మీరే రాశారు. కాబట్టి దాచిపెట్టిన రహస్యమంటూ లేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. మెక్‌కాఫ్రీ సీజన్ ముగిసింది ఆ మడమల వల్ల కాదు. డిసెంబరు 1న బఫెలోలో మంచులో ఆడుతూ మోకాలి లిగమెంటు దెబ్బతింది. అప్పటికి ఆ ఆటలో 7 పరుగుల్లో 53 యార్డులు చేసి, ఏడాది మొత్తంలోనే బాగా కదులుతున్నాడు. ఆ మోకాలి సంగతి అక్టోబరులో ఏ ఫిజియోకీ తెలియదు.

జూడీని మళ్లీ తలుచుకోండి. మీ బావమరిది అన్నీ ముందే తెలిసి మిమ్మల్ని ముంచినవాడైతే, ఆ ఏడాది 90 క్యాచ్‌లు, 1,229 యార్డులు చేయబోయేవాణ్ణి కొసరుగా ఎందుకు వేస్తాడు? మీరు ఫోన్లో మాట్లాడుకున్న ఆ రోజే జూడీ ఆడే క్లీవ్‌లాండ్ జట్టు అమారీ కూపర్‌ని బఫెలోకి పంపించేసింది, జూడీకి దారి తెరుచుకుంది. మీ ఇద్దరిలో ఎవరికీ దాని విలువ అప్పుడు తెలియదు.

అతను బార్క్‌లీని ఎందుకు అడిగాడన్నదానికి నాకు ఇంకా మామూలు కారణం కనిపిస్తోంది. 2024 మార్చిలో బార్క్‌లీ ఈగల్స్‌కి వచ్చిన రోజు అతను మీకు ఫోన్ చేసి కేకలు వేశాడని మీరే రాశారు. అభిమానికి తన జట్టు ఆటగాడు తన దగ్గర ఉండాలని ఉంటుంది. దాని కోసం అతను డ్రాఫ్టులో తన మొదటి ఎంపికనే ఇచ్చేశాడు.

అయినా ఒక ముల్లు మిగులుతుంది, దాన్ని కప్పిపెట్టను. "మెక్‌కాఫ్రీ తిరిగొచ్చాడంటే నీకు తిరుగుండదు" అన్నాడు కదా. మనసులో "వీడు కుదురుకోడు" అనుకుంటూ పైకి అలా అని ఉంటే, అది చిన్నదే అయినా అబద్ధమే. ట్రేడ్‌లో ఎవరి లాభం వాళ్లు చూసుకుంటారు. లీగ్‌లో మిగతా ఎనిమిది మందిలో ఎవరు ఆ మాట అన్నా మీరు నవ్వి ఊరుకునేవారు. చేతులు పట్టుకుని స్టీరింగ్ తిప్పించినవాడు అంటే తీరు వేరు. మీరు అతని మాటని ఆటగాడి మాటగా వినలేదు, ఇంటివాడి మాటగా విన్నారు. అతను ఏ మనసుతో అన్నాడో నాకు తెలియదు, షీటుకీ తెలియదు. అది అతనికే తెలుసు. అడిగే హక్కు మీకుంది.

ఇక ఉత్తరం చివరి వాక్యం. నాలుగు పేజీల అంకెల తర్వాత, సంతకానికి పైన, చిన్న అక్షరాల్లో ఇలా రాశారు: "అక్టోబరు 20న మెట్‌లైఫ్ స్టేడియం నుంచి 26 నంబర్ జెర్సీలో ఫొటో పెట్టాడు. థాంక్యూ బావా అని. మావయ్య గారు కూడా నవ్వే బొమ్మ పెట్టారు."

ట్రేడ్ చేసిన అయిదో రోజు అది. బార్క్‌లీ తన పాత జట్టు జెయింట్స్ మీద, వాళ్ల స్టేడియంలోనే 176 యార్డులు పరిగెత్తిన రోజు. అప్పటికి మెక్‌కాఫ్రీకి ఇంకో దెబ్బ తగల్లేదు, మీ సీజన్ పోలేదు, మీరు ఇంకా ప్లేఆఫ్స్ రేసులోనే ఉన్నారు. ఫిజియో సంగతి తెలియడానికి రెండు నెలలుంది. కానీ మీరు తేదీతో సహా గుర్తుపెట్టుకున్నారు. మీ కోపం పుట్టింది ఆ రోజే అనిపిస్తోంది నాకు. పుట్టిల్లు మొత్తం ఉన్న గ్రూపులో, మీరే ఆట నేర్పిన కుర్రాడు మిమ్మల్ని చూసి నవ్వాడు, మావగారు ఆ నవ్వులో కలిశారు. అల్లుడిగా పదిహేనేళ్లు తెచ్చుకున్న మర్యాద ఒక్క ఫొటోతో తగ్గినట్టు అనిపించి ఉంటుంది. ఆ మాట అప్పుడే అనలేకపోయారు, ఎందుకంటే "సరదాకి పెట్టాను బావా" అంటే మీ దగ్గర సమాధానం లేదు. జనవరికి అంకెలు దొరికాయి, అంకెలతో అన్నారు.

అతను బహుశా నిజంగానే సరదాకే పెట్టి ఉంటాడు. బావని ఆట పట్టించడం బావమరిది హక్కు అనుకునే ఇళ్లు మనవి. కానీ మీరు జనవరిలో అదే గ్రూపులో పెట్టినది సరదా కాదు. "నమ్మినవాళ్లని ముంచడం" అన్న మాట అతని తల్లిదండ్రులు చదివారు, భార్య చదివింది. అతను 700 డాలర్లు వెంటనే పంపాడంటే ఆ మాట ఎంత లోతుగా దిగిందో చూడండి. అది పొగరని మీరు రాశారు. నాకు అవమానంగా కనిపిస్తోంది. మీకు అక్టోబరులో తగిలినదే అతనికి జనవరిలో తగిలింది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

గృహప్రవేశానికి వెళ్లకపోవచ్చు. ఆఫీసు వంక ఎవరూ నమ్మరు. మీ ఆవిడ ఒక్కరే పీటల దగ్గర నిలబడి పాలు పొంగిస్తారు, వచ్చిన ప్రతి ఒక్కరూ "ఆయన రాలేదా?" అని అడుగుతారు, ఆవిడ ప్రతిసారీ మీ కోసం ఒక అబద్ధం చెప్పాలి. పుట్టింట్లో ఆవిడకి అదెంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు. ఈ దారిలో మీ పట్టుదల నిలుస్తుంది, దాని ఖర్చు ఆవిడ కడతారు. ఫుట్‌బాల్ వల్ల రాలేదని పిల్లలు కూడా గుర్తుపెట్టుకుంటారు.

వెళ్లి, ఏమీ మాట్లాడకుండా, బట్టలు పెట్టించుకుని, భోజనం చేసి రావచ్చు. చాలా ఇళ్లలో ఇలాగే గడిచిపోతుంది, ఇదేమీ చెడ్డ దారి కాదు. కొన్నాళ్లకి మంట తగ్గుతుంది. అయితే మీ మనసులో ఆ ప్రశ్న అలాగే ఉంటుంది, అతని మనసులో ఆ మాట అలాగే ఉంటుంది. ఆగస్టులో డ్రాఫ్ట్ రోజు మళ్లీ పైకి వస్తాయి. ఇది ఎంచుకుంటే ఒక్కటి పాటించండి. ఆ ఇంట్లో ఉన్నంతసేపు ఎవరైనా లీగ్ మాట ఎత్తితే లేచి పిల్లల దగ్గరికి వెళ్లిపోండి.

మావయ్య గారి చేత చెప్పించవచ్చు, లేదా మీ ఆవిడని మధ్యలో పెట్టవచ్చు. పెద్దవాళ్లు చెబితే అతను క్షమాపణ చెబుతాడు, కానీ అది వాళ్లకోసం చెప్పినది అవుతుంది. అదీ కాక ఆ నవ్వే బొమ్మ పెట్టిన మనిషినే న్యాయం చెప్పమనడం మీకు ఇంకోసారి నొప్పి. మీ ఆవిడ విషయంలో అయితే, ఆవిడ ఇప్పటికే ఇద్దరి మధ్య నలిగిపోతున్నారు. ఇంకా నెట్టకండి.

గృహప్రవేశానికి ముందే మీరే ఫోన్ చేయవచ్చు. నా మనసు ఇటే మొగ్గుతోంది, కానీ ఇందులో రిస్క్ లేకపోలేదు. అతను ఫోన్ ఎత్తకపోవచ్చు. ఎత్తి, "షీటు పెట్టినప్పుడు ఏమైంది బావా ఈ మాట?" అనవచ్చు. దానికి సిద్ధపడి చేయండి. ముందు గ్రూపులో రాసిన మాట వెనక్కి తీసుకోండి, దానికి షరతు పెట్టకండి. "నువ్వు కూడా" అన్న పదం ఆ వాక్యంలో రాకూడదు. ఆ తర్వాత ఫొటో సంగతి చెప్పండి. "అందరి ముందు నవ్వావు, నాకు చిన్నతనంగా అనిపించింది" అన్నా చాలు. బార్క్‌లీ యార్డులు ఎత్తవద్దు. మీరు యార్డులు ఎత్తిన క్షణం అతను జూడీని ఎత్తుతాడు, మీరిద్దరూ మళ్లీ మంగళవారం పొద్దుటి మనుషులైపోతారు.

ఫిజియో సంగతి అడగాలా వద్దా అన్నది మీ ఇష్టం. అడిగితే రెండు జవాబుల్లో ఏదో ఒకటి వస్తుంది. "నేను నిజంగానే అతను కుదురుకుంటాడనుకున్నాను" అంటే నమ్మగలరా? "అవును బావా, నాకు అనుమానం ఉండింది, చెప్పలేదు" అంటే భరించగలరా? రెండింటికీ మీ దగ్గర ఓపిక ఉంటేనే అడగండి. లేకపోతే ఈసారికి వదిలేయండి, ఏడాది తర్వాత అడిగినా ఆ ప్రశ్న పాడైపోదు.

గ్రూపులో రాసినది గ్రూపులోనే సరిచేయాలన్నది మాత్రం నేను కొంచెం గట్టిగా చెబుతాను. ఫోన్లో చెప్పిన క్షమాపణ అతని అమ్మానాన్నల దాకా చేరదు. "ఆ రోజు కోపంలో రాశాను, ఆ మాట తప్పు" అని ఒక్క వరస రాస్తే చాలు. షీటు లెక్క సరిచేసి మళ్లీ పెట్టాల్సిన పని లేదు.

ఆ 700 డాలర్ల సంగతి ముగిసింది. అతను పంపాడు, మీరు తిప్పి పంపారు, ఆ విషయం ఇక ఎత్తకండి.

లీగ్ విషయానికొస్తే, మానేయవచ్చు. తొమ్మిది సీజన్ల ఆదివారాలు పోతాయి. మీ ఉత్తరంలో ఫుట్‌బాల్ గురించి రాసిన ప్రతిచోటా అక్షరాలు పెద్దవయ్యాయి, అందుకని మానేస్తే మీకు బాధగానే ఉంటుందని నా అనుమానం. ఉండవచ్చు కూడా. ఉంటే చుట్టాల మధ్య ట్రేడ్‌లు వద్దని మీ లీగ్ నడిపే కమిషనర్‌ని అడగండి, లేదా ఏ ట్రేడైనా రెండు రోజులు ఆగి, మిగతా సభ్యులు ఒప్పుకున్నాకే ఖాయం చేయాలని నియమం పెట్టించండి. చాలా లీగ్‌లలో ఇలాంటి పద్ధతి ఉంది. ఇక ఆ వంద డాలర్లు తీసేసి, ఓడినవాడు అందరికీ భోజనం పెట్టేలా మార్చుకోవచ్చు. లేదా ఒక ఏడాది మీరు డ్రాఫ్ట్ చేయకుండా మీ పిల్లల చేత చేయించి, పక్కన కూర్చోవచ్చు. మీ పెద్దబ్బాయికి పన్నెండేళ్లని రాశారు. నేర్పడం మీకు బాగా వచ్చిన విద్య అని మీ బావమరిది కప్పే చెబుతోంది.

వీటిలో ఏది ఎంచుకున్నా, ఫోన్ చేసినా చేయకపోయినా, న్యూవార్క్‌కి టికెట్లు మాత్రం ఈ వారంలోనే మీ చేత్తో మీరే బుక్ చేయండి, నలుగురికీ. మీ ఆవిడ మళ్లీ అడిగేదాకా ఆగకండి.